ఒక రైతు, రెండు గూళ్ళు

మార్టూరు,
ఫిబ్రవరి.

చి. బుజ్జమ్మకు చిన్నతాత దీవెనలు.

మిరప రెండో కోత కాయ కల్లంలో ఉంది. రాత్రి తూర్పున మబ్బు కమ్మితే టార్పాలిన్ పట్టలు కప్పడానికి లేచాను, ఆ తర్వాత ఇక నిద్ర పట్టలేదు. నీ మెయిలు మీ నాన్న చిలకలూరిపేటలో ప్రింటు తీయించి పంపాడు. ఆ కాగితాలే లైటు కింద పెట్టుకుని మూడోసారి చదివాను. చినుకైతే పడలేదు కానీ, నాకు ఈ ఉత్తరం పని పడింది.

నువ్వు రాసింది ఇదీ. రౌటరు పెట్టెలో నీ డ్రైవరు ఒక పేజీలో లెక్కలు రాస్తుంది. అదే పేజీని యూజర్ ప్రోగ్రాం ఎమ్‌మ్యాప్ చేసుకుని చదువుతుంది. ఒక్కోసారి కొత్త లెక్కలు కనిపిస్తాయి, ఒక్కోసారి పాతవి. ఎక్కడ తేడా వస్తోందో చూద్దామని ప్రింట్‌కే (printk) పెడితే తేడా మాయం. తీసేస్తే మళ్ళీ ప్రత్యక్షం. చివరికి విసుగొచ్చి, రాసిన ప్రతిసారీ క్యాష్ మొత్తం ఫ్లష్ చేసేశావు. బగ్ పోయింది, మీ మేనేజరు భేష్ అన్నాడు. అంతా రాసి, కింద "ఎందుకు పోయిందో మాత్రం తెలియలేదు తాతయ్యా" అని ఒక ముక్క కలిపావు చూడు, ఆ ముక్క కోసమే ఈ ఉత్తరం. అది లేకపోతే నేనూ భేష్ అని కల్లం దగ్గరే పడుకునేవాణ్ణి.

ముందు మన చిరునామా చూడు. నేను పుట్టినప్పుడు మనది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఇన్ని పేర్లు మారినా ఊరు అంగుళం కదల్లేదు. నేను అలవాటు కొద్దీ ఇప్పటికీ కవరు మీద ప్రకాశం అనే రాస్తాను, మీ నాన్న బాపట్ల అని రాస్తాడు, రెండు కవర్లూ మన పోస్టుమాన్ చేతికే వస్తాయి. ఒక చోటుకి రెండు పేర్లు ఉండటం తప్పేం కాదమ్మా. పేపర్లో దొంగల ఫొటోల కింద ఫలానా అలియాస్ ఫలానా అని వేస్తారు కాబట్టి ఆ మాట వినగానే అనుమానం వస్తుంది కానీ, ఆపరేటింగ్ సిస్టమ్ బతికేదే అలియాస్‌ల మీద. పది ప్రోగ్రాములు ఒకే లైబ్రరీని పది అడ్రసుల దగ్గర చూస్తాయి, మెమరీలో ఉండేది ఒక్క కాపీ. నీ డ్రైవరు పేజీ కూడా అంతే. కెర్నెల్‌కి అది ఒక అడ్రసు, యూజర్‌కి ఇంకో అడ్రసు. గొడవ పేర్ల దగ్గర లేదు. ఆ రెండు పేర్లూ రెండు వేరే గూళ్ళకి పోయినప్పుడు ఉంది.

గూళ్ళు అన్నాను కాబట్టి మా నాన్న సంగతి చెప్పాలి. నీకు ముత్తాత, నువ్వు చూడలేదు. గుంటూరు పట్నంబజారులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తా. సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. బజారు మలుపు తిరగ్గానే తుమ్ములు మొదలయ్యేవి, గంట తర్వాత ముక్కు దానికే అలవాటు పడేది. ఆవర్జా షావుకారు వెనక ఇనప్పెట్టెలో ఉండేది. అట్టతో సహా నా ఒళ్ళంత పుస్తకం. దాన్ని తీయాలంటే షావుకారు లేవాలి, తాళం తీయాలి, పుస్తకం బల్ల మీదకి రావాలి, పేజీ వెతకాలి. సీజన్లో వాకిట్లో బళ్ళు ఆగి ఉంటే అంత తీరిక ఎవరికి? అందుకని నాన్న కూర్చునే చాప పక్కన గోడకి ఒక చెక్క గూళ్ళ బీరువా ఉండేది. రైతు రాగానే ఆవర్జాలో అతని నిల్వ ఎంతుందో ఒక చీటీ మీదకి ఎత్తి గూట్లో పెట్టేవాడు. ఇక ఆ రోజు జమైనా ఖర్చైనా ఆ చీటీ మీదే దిద్దేవాడు. అదే గూటికి ఇంకో రైతు చీటీ వచ్చినప్పుడో, సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడో, పాత చీటీ మీది నిల్వని ఆవర్జాలో ఎక్కించి చీటీ చించేసేవాడు.

ఇది నీకు కొత్త కాదు. ఆవర్జా మెమరీ, చీటీ క్యాష్ లైను, రాసింది వెంటనే ఆవర్జాకి ఎక్కించకుండా ఆపడం రైట్‌బ్యాక్. తెలుగులో రాస్తే ఆ క్యాషూ, షావుకారు గల్లాపెట్టెలో క్యాషూ ఒకటే అయిపోవడం నాకు భలే సరదా. దానికీ ఒక పేరుంది, తర్వాత చెప్తాను.

ఏ రైతు చీటీ ఏ గూట్లో అన్నది అతని ఊరిని బట్టి. ఊరికో గూడు. ఇది తెలివైన పద్ధతి. ఎందుకంటే రైతుని ఇంటిపేరుతో పిలిచినా, ఊళ్ళో ముద్దుపేరుతో పిలిచినా, 'ఫలానా వాళ్ళ అల్లుడు' అన్నా, అతని ఊరు మాత్రం మారదు. చీటీ తలమీద ఆవర్జా పేజీ నంబరు ఉండేది. నాన్న చెయ్యి గూటి వైపు వెళ్తుండగానే, కుర్రాడు పేర్ల పట్టీలో చూసి పేజీ నంబరు కేకేసేవాడు. రెండూ కలిస్తే ఆ చీటీ అతనిదే. ఒకరి కోసం ఒకరు ఆగకుండా రెండు పనులూ ఒకేసారి నడిచేవి. మీ పుస్తకాల్లో దీన్ని వర్చువల్ ఇండెక్స్, ఫిజికల్ ట్యాగ్ అంటారు. గూడు వెతికేది పిలుపులో ఉన్న ఊరితో, సరిచూసేది అసలు పేజీతో.

వ్యాపారం పెరిగింది. షావుకారు రెట్టింపు బీరువా చేయించాడు. ఇప్పుడు ఊరికి రెండు గూళ్ళు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. పిలిచే పేరు అక్షరక్రమంలో 'త'కి ముందుంటే ఎడమ, 'త' నుంచి ఆపైన కుడి. చూడ్డానికి అందంగానే ఉంది.

సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు యద్దనపూడి వైపు రైతు ఒకాయన వచ్చాడు. ఇంటిపేరు 'క'తో మొదలు, ఊళ్ళో పిలిచే పేరు 'ప'తో. ఆవర్జాలో ఆయనకి 1,200 జమ ఉంది. పొద్దున ఆయనే వచ్చాడు, తెలిసినవాడు కాబట్టి నాన్న ముద్దుపేరుతో పలకరించాడు. కాయ అమ్మిన డబ్బు 800 కలిసింది. కుడి గూట్లో చీటీ, 2,000. మధ్యాహ్నం కోత కూలీలకి డబ్బు కావాలని ఆయన బావమరిది వచ్చి, ఇంటిపేరు చెప్పి 500 పట్టుకెళ్ళాడు. 'క' కాబట్టి నాన్న చెయ్యి ఎడమ గూటికి పోయింది. అది ఖాళీ. ఆవర్జా తెరిస్తే అక్కడ ఇంకా 1,200 అనే ఉంది, ఎందుకంటే పొద్దుటి జమ కుడి గూట్లోనే కూర్చుని ఉంది. 1,200లో 500 తీసేసి 700 అని చీటీ రాసి ఎడమ గూట్లో పెట్టాడు.

సాయంత్రం గూళ్ళు దులిపారు. ఎడమ నుంచి కుడికి. ముందు 700 ఎక్కింది, దాని మీద 2,000 ఎక్కింది. నిజానికి ఉండాల్సింది 1,500. కుడి నుంచి ఎడమకి దులిపి ఉంటే 700 మిగిలేది, రైతు 800 మునిగేవాడు. మర్నాడు ఆ రైతే వచ్చి "గుమాస్తాగారూ, నాకు ఐదొందలు ఎక్కువ చూపిస్తున్నారు" అన్నాడు. నాన్న రెండు చీటీల చింపులూ చెత్తబుట్టలోంచి ఏరి అతికించి చూసుకున్నాడు. రెండింటిలోనూ కూడికలు సరిగ్గా ఉన్నాయి. తప్పు ఏ చీటీలోనూ లేదు. అందుకే ఆయనకి రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇక నీ పెట్టె దగ్గరికి వద్దాం. మిప్స్ 24కె కోర్ అని రాశావు. బూట్ లాగ్ పై భాగం ఒకసారి తీసి చూడు. ప్రైమరీ డేటా క్యాష్ 32 కేబీ, 4 వే, వీఐపీటీ, ఆ పక్కనే 'క్యాష్ అలియాసెస్', చివర లైన్ సైజు 32 బైట్లు అని ఒక వరస ఉండాలి. అంటే కెర్నెల్ మొదటి సెకన్లోనే నీకు చెప్పేసింది. ఆ వరస ఎవరూ చదవరులే, నేనూ చదివేవాణ్ణి కాదు.

లెక్క చేద్దాం. 32 కేబీని 4 'వే'లకి (అంటే ఒక్కో గూట్లో నాలుగు చీటీలు పడతాయి) పంచితే ఒక్కో వే 8 కేబీ. లైన్ 32 బైట్లు కాబట్టి 256 సెట్లు, అంటే 256 గూళ్ళు. గూడు ఎంచడానికి అడ్రసులో 5వ బిట్ నుంచి 12వ బిట్ దాకా వాడతారు. కానీ నీ పేజీ 4 కేబీ. వర్చువల్‌కీ ఫిజికల్‌కీ మారకుండా ఉండేవి 0 నుంచి 11 దాకా ఉన్న బిట్లే. అవి ఊరి పేరు. 12వ బిట్ పిలిచే పేరులో మొదటి అక్షరం. ఒకే పేజీని ఒకరు హెక్స్‌లో 4000 దగ్గర, ఇంకొకరు 7000 దగ్గర చూస్తున్నారనుకో. 4000లో 12వ బిట్ సున్నా, 7000లో ఒకటి. మొదటాయన 0 నుంచి 127 దాకా ఉన్న సెట్లలో కూర్చుంటాడు, రెండోవాడు 128 నుంచి 255 దాకా. ఒకే పేజీ, ఎడమ గూడు, కుడి గూడు. ఈ ఎడమ కుడులనే మనవాళ్ళు రంగులు అంటారు. వే సైజుని పేజీ సైజుతో భాగిస్తే ఎన్నొస్తే అన్ని రంగులు. నీకు రెండు.

నీ బగ్ వేషాలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే విప్పుకోవచ్చు. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు అన్నావు. మిప్స్‌లో కెర్నెల్ తన డైరెక్ట్ అడ్రసుతో రాస్తే, ఆ అడ్రసు రంగు ఫిజికల్ పేజీ నంబరు సరా బేసా అన్నదాన్ని బట్టి ఉంటుంది. యూజర్ అడ్రసు రంగు ఫైల్లో ఆ పేజీ ఎన్నోదన్న దాన్ని బట్టి. అలొకేటర్ ఇచ్చిన పేజీ కలిసొస్తే రెండూ ఒకే గూడు, కలిసిరాకపోతే వేరు. బొమ్మా బొరుసూ. ఫిజికల్ పేజీ నంబరు కూడా లాగ్‌లో పడేటట్టు చేసి చూడు. తప్పు వచ్చినవన్నీ ఒకే జాతివి అవుతాయి.

రెండోది, నువ్వు పంపిన డంప్. అది చూడగానే నాకు నవ్వొచ్చింది. పాత లెక్కలు ఎక్కడపడితే అక్కడ లేవు. 32 బైట్ల పట్టీలుగా, 32 హద్దుల మీద ఖచ్చితంగా మొదలై ఖచ్చితంగా ఆగుతున్నాయి. కొత్త చొక్కాకి పాత గుడ్డతో మాసికలు వేసినట్టు. కోడ్‌లో తప్పుంటే అంత కొలతగా రాదమ్మా. మాసికలు కనిపించని చోట్ల కెర్నెల్ లైన్లు ఏదో కారణంతో క్యాష్‌లోంచి బయటికి నెట్టబడి మెమరీకి చేరాయి. ప్రింట్‌కే పెడితే బగ్ పోవడం కూడా అందుకే. అది తన పని కోసం బోలెడంత మెమరీ తాకుతుంది, ఆ తొక్కిసలాటలో నీ లైన్లు బయట పడతాయి. వాకిట్లో ఇంకో నలుగురు రైతులొస్తే చీటీలు వాటంతటవే ఆవర్జాకి ఎక్కినట్టు.

ఒకటి గుర్తుంచుకో, ఇది డీఎంఏ గొడవ కాదు. అక్కడ నెట్‌వర్క్ చిప్పు అసలు గూళ్ళే చూడదు, నేరుగా ఆవర్జాలో రాసి పోతుంది. దానికి మందు డీఎంఏ మ్యాపింగ్ పిలుపులు. ఇక్కడ చూసేవాళ్ళిద్దరూ ఒకే ప్రాసెసర్ మీద, ఒకే క్యాష్ ముందు నిలబడి ఉన్నారు, అయినా ఒకరి రాత ఒకరికి కనపడటం లేదు. మీ టీంలో ఈ రెండూ కలిపేసి మాట్లాడుతున్నారని నీ మెయిలు చదివితే తెలుస్తోంది.

ఇప్పుడు నువ్వు చేసిన మరమ్మతు. కొట్టు భాషలో చెప్పాలంటే, పద్దు రాసిన ప్రతిసారీ బీరువా మొత్తం దులిపి, అందరి చీటీలూ ఆవర్జాలో ఎక్కించి, మళ్ళీ మొదలుపెట్టడం. నీ పేజీకి 128 లైన్లు. నువ్వు దులిపింది 1,024. మిగతా 896 లైన్లు ఎవరివో, వాళ్ళు ఏ పాపం చేశారు? వాళ్ళు తిరిగి వచ్చేసరికి చీటీలు ఉండవు, మళ్ళీ ఇనప్పెట్టె తెరవాలి. నీ డ్రైవరు వేగం కొలిచి బాగానే ఉందని రాశావు. కొలవాల్సింది నీ డ్రైవర్‌ని కాదు, పక్కవాళ్ళని. ఇంకోటి, ఫ్లష్ ఆల్ వెనక ఇంకో నిజమైన తప్పు దాక్కున్నా నీకు కనపడదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేసుకున్నట్టు.

కోప్పడుతున్నానని అనుకోకు. ఇంతకంటే తెలివితక్కువ పని నేను చేశాను. అప్పట్లో నేను పనిచేసిన కంపెనీ చేతిలో పట్టుకునే బిల్లింగ్ మెషీన్లు చేసేది. లోపల ఏఆర్‌ఎమ్ 926 కోర్. రికార్డుల ఫైలుని ఒక చోట చదవడానికి, ఇంకో చోట రాయడానికి, ఒకే ప్రోగ్రాంలో రెండుసార్లు షేర్డ్‌గా మ్యాప్ చేశాను, కోడ్ అందంగా కనపడుతుందని. లెక్కలు ఎక్కడా తప్పలేదు. కానీ మెషీన్ నత్తలా నడిచింది. తొమ్మిది రోజులు నా లూపులన్నీ కత్తిరించుకుంటూ కూర్చున్నాను. చివరికి తెలిసింది ఏమిటంటే, ఆ కోర్ మీద లినక్స్, ఒకే ప్రోగ్రాం ఒక పేజీని రెండు పేర్లతో పట్టుకుందని చూస్తే, ఏ గూడూ వద్దని ఆ రెండు మ్యాపింగులకీ క్యాష్ తీసేస్తుంది. ప్రతి పద్దుకీ ఇనప్పెట్టె. కెర్నెల్ నా తప్పుని నోరెత్తకుండా సర్దింది, జరిమానా మాత్రం వేసింది. రెండో మ్యాపింగ్ తీసేసి ఒకే పాయింటర్ వాడితే పదిహేను నిమిషాల పని.

ఆ 926 సంగతి ఇంకో మెట్టు కింద. దానిలో గూడు వెతకడమూ పిలిచిన పేరుతోనే, సరిచూడటమూ పిలిచిన పేరుతోనే. చీటీ మీద ఆవర్జా పేజీ నంబరు ఉండదు. అప్పుడు ఇద్దరు వెంకటేశ్వర్లు వస్తే ఒకరి డబ్బు ఇంకొకరికి పోతుంది. ఒకే పేరుకి రెండు వస్తువులు, మన తెలుగు క్యాషూ క్యాషూ లాగ. దాన్ని హోమోనిమ్ అంటారు, అలియాస్‌కి తిరగేసిన రోగం. అందుకే ఆ రకం కోర్ల మీద ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి మారిన ప్రతిసారీ లినక్స్ యూజర్ క్యాష్ అంతా ఖాళీ చేసేది. నీ మిప్స్‌కి ఆ బెడద లేదు, ట్యాగ్ ఫిజికల్.

మా నాన్న ఏం చేశాడో చెప్తే నీ మరమ్మతు నీకే దొరుకుతుంది. మొదట కొన్నాళ్ళు, ఒక వైపు గూట్లో కొత్త చీటీ పెట్టే ముందు అదే ఊరి రెండో గూట్లో చెయ్యి పెట్టి చూసేవాడు. అక్కడ అదే పేజీ నంబరు చీటీ ఉంటే దాన్ని ముందు ఆవర్జాలో ఎక్కించి చించేసేవాడు. బీరువా అంతా కాదు, ఆ ఒక్క గూడే. కెర్నెల్లో దీని పేరు ఫ్లష్ డీక్యాష్ పేజ్. యూజర్ మ్యాపింగులు ఉండే పేజీలో కెర్నెల్ రాసినప్పుడు పిలవాలి.

ఇది ఎప్పుడు పిలవాలన్న నియమాలు రాసి పెట్టినవాడు డేవిడ్ మిల్లర్. స్పార్క్ యంత్రాల మీదకి లినక్స్‌ని తీసుకెళ్ళినాయన. అల్ట్రాస్పార్క్‌లో డేటా క్యాష్ 16 కేబీ, ఒకే వే, పేజీ 8 కేబీ. ఆయనకీ నీలాగే రెండు రంగులు. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో క్యాష్‌టీఎల్‌బీ అనే ఫైలుంది, చదువు. అందులో నాకు బాగా నచ్చే తెలివి ఒకటుంది. ఆ పేజీని ఇంకా ఏ యూజరూ మ్యాప్ చేసుకోకపోతే ఫ్లష్ చేయకుండా, పేజీ మీద ఒక గుర్తు మాత్రం పెట్టి వదిలేయవచ్చు. తర్వాత ఎవరైనా మ్యాప్ చేసుకునే క్షణంలో గుర్తు చూసి అప్పుడు దులుపుతారు. ఎవరూ రాకపోతే దులిపే ఖర్చే లేదు. కార్నెగీ మెలన్‌లో వీలర్, బెర్షాడ్ అనే ఇద్దరు 1992లో, హెచ్‌పీ యంత్రాల మీద మాక్ సిస్టమ్‌తో ఇదే సంగతి తేల్చారు. గూళ్ళ స్థితిని జాగ్రత్తగా రాసి పెట్టుకుంటే ముందుజాగ్రత్త పేరుతో చేసే ఫ్లష్‌లలో చాలావాటి అవసరమే ఉండదని. నేను ఇదంతా మొదట నేర్చుకున్నది మాత్రం కర్ట్ షిమ్మెల్ 1994లో రాసిన యూనిక్స్ పుస్తకంలో. అట్ట ఊడిపోయింది, వస్తే ఇస్తాను.

కానీ నాన్న అక్కడ ఆగలేదు. వారం తిరక్కుండానే ఆయనకి వేరే సంగతి తట్టింది. రైతుకి కొట్టులో పేరు పెట్టేది మనమే కదా! మిగతా ప్రపంచం ఏమని పిలిస్తే మనకెందుకు? పేర్ల పట్టీ ముందేసుకుని, రెండు పేర్లూ రెండు వైపులకి పోయే రైతుల్ని ఏరి, వాళ్ళకి రెండో పేరు కూడా మొదటి గూటివైపే పడేటట్టు మార్చాడు. ఆ యద్దనపూడి ఆయన 'పెద...' అని కాకుండా 'ఏనుగంత...' అని ఏదో తమాషా పేరుతో మా కొట్టులో చెలామణి అయ్యాడు, చివరిదాకా. ఇక ఎన్ని పేర్లతో వచ్చినా చెయ్యి ఒకే గూటికి పోతుంది. దులిపే పనే లేదు.

ఇదే అసలైన మందు. యూజర్ ఫలానా అడ్రసే కావాలని పట్టుబట్టకపోతే ఎమ్‌మ్యాప్‌లో చోటు ఎంచేది కెర్నెలే. అందుకే అది షేర్డ్ మ్యాపింగులన్నిటికీ రంగు కలిసే అడ్రసే వెతికి ఇస్తుంది. ఎవరైనా ఇదే అడ్రసు కావాలని మొండికేసి, ఆ అడ్రసు రంగు కలవకపోతే మిప్స్ కెర్నెల్ మొహం మీదే కుదరదంటుంది, ఎర్రర్ ఇన్‌వ్యాలిడ్. షేర్డ్ మెమరీ తగిలించే అడ్రసు ఎస్‌హెచ్‌ఎమ్‌ఎల్‌బీఏ అనే కొలతకి గుణిజం కావాలన్న నియమం ఎందుకుందో ఇప్పుడు నీకు చెప్పక్కర్లేదు. యూజర్ పేజీని కాపీ చేయాల్సి వచ్చినప్పుడు కెర్నెల్ తన మామూలు అడ్రసు వాడకుండా, యూజర్ రంగుకి సరిపోయే తాత్కాలిక అడ్రసు ఒకటి కట్టుకుని దాని గుండా పని చేస్తుంది, దాని పేరు కేమ్యాప్ కొహెరెంట్. ఇంత మర్యాద ఎందుకంటే, కెర్నెల్ ఒక పేజీని సున్నాలతో తుడిచి యూజర్‌కి ఇచ్చిందనుకో. ఆ సున్నాలు ఎడమ గూట్లోనే ఉండిపోయి, యూజర్ కుడి గూట్లోంచి తన డేటా మెమరీకి పంపాక, తీరిగ్గా బయటికి వచ్చి దాని మీద పడితే? వెయ్యి రూపాయల జమ మీద సున్నా. ఈ తప్పు దొరకడానికి నెలలు పడుతుంది.

కాబట్టి నీ డ్రైవర్లో చేయాల్సింది. పేజీని అలొక్ పేజ్‌తో తెచ్చి డైరెక్ట్ అడ్రసుతో రాయడం మానెయ్. బఫర్‌ని వీమ్యాలక్ యూజర్‌తో తెచ్చుకో. అది ఇచ్చే కెర్నెల్ అడ్రసు ఎస్‌హెచ్‌ఎమ్‌ఎల్‌బీఏ హద్దు మీదే మొదలవుతుంది. యూజర్‌కి రీమ్యాప్ వీమ్యాలక్ రేంజ్‌తో చూపించు. అప్పుడు బఫర్లో ఎన్నో పేజీ అయినా కెర్నెల్ వైపు, యూజర్ వైపు ఒకే రంగు. కెర్నెల్ రాసింది యూజర్‌కి, యూజర్ రాసింది కెర్నెల్‌కి, ఒకే చీటీ. నువ్వు రాసినప్పుడే కాదు, చదివేటప్పుడూ ఫ్లష్ గుర్తుపెట్టుకోవాల్సిన బాధ తప్పుతుంది. ఒక్క జాగ్రత్త, డ్రైవర్లో ఇంకెక్కడో పేజ్ అడ్రస్ అంటూ పాత దొడ్డిదారిన అదే పేజీలో రాసే వరస ఉండకూడదు. ఒక్కటి మిగిలినా మూడో పేరు పుట్టినట్టే.

పెద్ద యంత్రాల వాళ్ళకి ఈ బాధ ఎందుకు లేదని నువ్వు అడుగుతావు. వాళ్ళు గూళ్ళు పెంచకుండా గూట్లో పట్టే చీటీలు పెంచుకున్నారు. ఇంటెల్ వాళ్ళ 32 కేబీ డేటా క్యాష్‌కి 'వే'లు 8, ఒక్కో వే సరిగ్గా 4 కేబీ, పేజీ అంతే. తర్వాత క్యాష్ 48 కేబీకి పెంచితే 'వే'లు 12 చేశారు, మళ్ళీ 4 కేబీనే. ఆపిల్ వాళ్ళు ఊరినే పెద్దది చేశారు, పేజీ 16 కేబీ. 64 బిట్ ఏఆర్‌ఎమ్‌లో డేటా క్యాష్ ఎలా కట్టినా బయటికి ఫిజికల్ క్యాష్ లాగే నడవాలని నియమం పెట్టారు, ఆ బరువు హార్డ్‌వేర్ మోస్తుంది. పాత మిప్స్ ఆర్4000 మధ్యదారి పట్టింది. రెండో అంచె క్యాష్ ఉన్నప్పుడు ఏ గూటి నుంచి తీసుకెళ్ళారో అక్కడ రాసి పెట్టి, ఇంకో గూటి నుంచి అడిగితే కెర్నెల్‌ని తట్టి లేపేది. ఎవరి తాహతు వాళ్ళది. నీ పెట్టె చవక పెట్టె, దానికి నువ్వే గుమాస్తావి.

నా మాట నమ్మాల్సిన పని లేదు, పరీక్ష ఒకటుంది. ఫ్లష్ ఆల్ తీసేసి, పాత డ్రైవర్‌తోనే కెర్నెల్‌ని 16 కేబీ పేజీతో కట్టి నడుపు. వే 8 కేబీ, పేజీ 16 కేబీ, ఇక రంగులే ఉండవు. బూట్ లాగ్‌లో ఆ 'అలియాసెస్' మాట కూడా మారాలి. ఒక రాత్రంతా నడిచినా మాసికలు కనపడకపోతే రోగం ఇదే. కనపడితే నేను రాసినదంతా పక్కన పెట్టి, నీ లాకులు చూసుకో.

తెల్లారింది. పట్టలు తీసి కాయ కలియబెట్టాలి, కింద చెమ్మ ఉంటే బూజు పడుతుంది. పత్తి ఆఖరి తీతకి మనుషులు ఏడింటికి వస్తామన్నారు, ఎనిమిదికి కానీ రారు. మీ నానమ్మ అడగమంది, ఉగాదికి వస్తావా అని. ఆ గూళ్ళ బీరువా ఇంకా మన వంటింట్లోనే ఉంది, ఇప్పుడు అందులో పోపు డబ్బాలు. ఎడమ గూళ్ళ అంచు మీద నాన్న పెన్సిల్‌తో రాసుకున్న అక్షరాలు అక్కడక్కడా కనపడతాయి, నూనె జిడ్డు తుడిస్తే.

పరీక్ష ఫలితం మెయిల్లో పంపు. ప్రింటుకి మీ నాన్నని చిలకలూరిపేట తోలుతాను.

ఇట్లు,
మీ చిన్నతాత